ఇంట్లో గలగల, ప్రీస్కూల్లో గప్‌చుప్: టీచర్‌ని ఏమని అడగాలి?

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. ప్రీస్కూల్లో వేసి పది వారాలవుతోంది. ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మూయదు, అక్కడ మాత్రం ఇంతవరకూ ఒక్క మాట కూడా మాట్లాడలేదట. మా ఇంటి భాష వేరు, అక్కడ మాట్లాడే భాష వేరు. పొద్దున గేటు దగ్గర రోజూ ఏడుపే. డైరీలో రోజూ ‘బాగుంది’ అని రాసి పంపేవాళ్లు, నేనూ నమ్మాను. పోయిన వారం మీటింగ్‌కి వెళితే ‘మీ పాప ఎవరితోనూ కలవడం లేదు, ఇంట్లో గారాబం ఎక్కువైనట్టుంది, ఇకనుంచి ఇంట్లో కూడా ఇక్కడి భాషలోనే మాట్లాడండి’ అన్నారు. ఐదు నిమిషాల్లో మీటింగ్ అయిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చాను. మావారు స్కూల్ మార్చేద్దాం అంటున్నారు. అత్తయ్యగారు ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుదాం అంటున్నారు. గట్టిగా అడుగుదామంటే, అది మనసులో పెట్టుకొని పాపను వేరేగా చూస్తారేమోనని భయం. ఇలాంటప్పుడు ప్రీస్కూల్ వాళ్లు ఏం చేయాలి, నేనేం చేయాలి?

సమాధానం: మీ చివరి భయం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాని దగ్గరే ఆగిపోయాయి. నేను పద్నాలుగేళ్లు ప్రీస్కూల్లో టీచర్‌గా చేశాను. గేటుకి లోపలి వైపు నిలబడ్డదాన్ని కాబట్టి చెబుతున్నాను, టీచర్లకి కూడా తల్లిదండ్రులంటే భయమే. పిల్లాడు ఈ రోజు గంటసేపు మూలన కూర్చున్నాడని ఉన్నదున్నట్టు రాస్తే ఆ సాయంత్రం ఫోన్ వస్తుంది, ఫోన్ వస్తే మేడం పిలిచి అడుగుతారు, ఎందుకొచ్చిన గొడవ అని ‘బాగున్నాడు’ అని రాసి సంతకం గీకేస్తాం. నేనూ రాశాను, ఒకసారి కాదు, కొన్ని వందల సార్లు రాసుంటాను. ఇరవై డైరీలు ముందేసుకొని, పక్కన ఒకడు బూట్లు తిరగేసి తొడుక్కుంటుంటే, ఇంకొకడి బ్యాగు కనబడకపోతే, పది నిమిషాల్లో ఇంతకన్నా ఏం రాస్తారు లెండి. మీరు వాళ్లకి భయపడి అడగలేదు, వాళ్లు మీకు భయపడి చెప్పలేదు. ఆఖరికి మీటింగ్ రోజున ఉన్నదంతా ఒక్కసారిగా మీ మీద కుమ్మరించారు.

అడిగినందుకు పాపను వేరేగా చూస్తారా అంటే, చూసేవాళ్లు ఉండరని నేను ప్రమాణం చేయలేను. కానీ నా అనుభవంలో టీచర్లకి ఒళ్లు మండేది అడిగినందుకు కాదు, గేటు దగ్గర నలుగురి ముందు నిలదీసినందుకు, లేదంటే తమతో ఒక్క ముక్క చెప్పకుండా నేరుగా పైవాళ్లకి ఫిర్యాదు చేసినందుకు. విడిగా, కూర్చుని, మా పాప గురించి నాకు ఇంకొంచెం తెలియాలి అని అడిగిన తల్లిని చూసి చిరాకు పడ్డ రోజు నాకైతే గుర్తులేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్లల మీదే మాకు కాస్త ఎక్కువ ధ్యాస ఉండేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, టీచర్ మాత్రం తనంతట తను ఎన్ని చెబుతుంది?

ఇక అసలు సంగతి. ఇంట్లో గలగలా మాట్లాడే పాపా నిజమే, అక్కడ కిమ్మనకుండా కూర్చునే పాపా నిజమే. మీరూ అబద్ధం చెప్పడం లేదు, వాళ్లూ చెప్పడం లేదు. ఎవరికి కనబడిన సగం వాళ్లు చెబుతున్నారు. యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1979లో ఈ సంగతినే పెద్ద సిద్ధాంతంగా రాశాడు. పిల్లల మీద ఇంటి ప్రభావం ఒకటి, బడి ప్రభావం ఒకటి, ఈ రెండు చోట్ల ఉండే పెద్దవాళ్ల మధ్య రాకపోకలు ఎలా ఉన్నాయన్నది కూడా విడిగా ఇంకొకటి అన్నాడాయన. మీ విషయంలో ఇల్లూ బాగానే ఉన్నట్టుంది, బడి కూడా మరీ చెడ్డదేం కాకపోవచ్చు. ఆ రెండింటి మధ్య దారే లేదు, ఒక డైరీ తప్ప.

రెండు సగాలూ కలవకపోతే ఏమవుతుందో నేను చేసిన ఒక తప్పు చెబుతాను, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మా క్లాసులో నాలుగేళ్ల బాబు ఒకడుండేవాడు, మంచివాడే, కానీ ఉన్నట్టుండి వెళ్లి పక్కపిల్లల వీపు మీద ధబీమని చరిచేవాడు. మూడుసార్లు డైరీలో ‘ఇతర పిల్లలను కొడుతున్నాడు’ అని రాశాను. వాళ్ల నాన్నని పిలిపించాను. ఆయన తలవంచుకొని విని, వాణ్ణి రెక్క పట్టుకొని తీసుకెళ్లాడు, ఇంట్లో ఏం జరిగిందో నేను ఊహించగలను. నెల తర్వాత ఒక సాయంత్రం వాళ్ల నానమ్మ వచ్చింది తీసుకెళ్లడానికి. గేటు దగ్గర నిలబడి ఆవిడకి దగ్గు తెర వచ్చింది, ఊపిరాడనంత దగ్గు. వీడు బ్యాగు కింద పడేసి పరుగెత్తుకెళ్లి, ఆవిడ వెనక్కి చేరి, పిడికిలితో వీపు మీద ధబధబా చరిచాడు. ఆవిడ దగ్గుతూనే ‘చాలు నాన్నా, తగ్గింది, చాలు’ అంది. నాకు అప్పుడు వెలిగింది. ఆ మూడు రోజులూ వాడు చరిచిన పిల్లలంతా జలుబు చేసి దగ్గుతున్నవాళ్లే! వాడు కొట్టలేదు, ఇంట్లో నేర్చుకున్న వైద్యం చేశాడు. అంతకుముందు ఏం జరిగిందో నేను చూడలేదు, ‘కొడుతున్నాడు’ అని తీర్పు రాశాను. అలా కాకుండా ‘ఫలానా బాబు దగ్గుతుంటే వెళ్లి వీపు మీద చరిచాడు, ఎందుకో తెలుసా?’ అని రాసి ఉంటే ఆ ఇంట్లో చదవగానే నవ్వుకునేవాళ్లు, వాడికి ఆ తిట్లు తప్పేవి.

అందుకే చెబుతున్నాను, ‘గారాబం ఎక్కువైంది’ అన్నది తీర్పు. ‘ఎవరితోనూ కలవదు’ అన్నదీ తీర్పే. దానికి మీరు బదులు చెప్పుకోనక్కర్లేదు, ఏడవనక్కర్లేదు, ఆ మాట వెనక టీచర్ కంటితో ఏం చూసిందో అది అడిగి రాబట్టుకోండి. కలవదు అంటే? వేరేవాళ్లు పిలిస్తే వెనక్కి వెళుతోందా, దగ్గరికెళ్లి నిలబడి చూస్తోందా, పక్కనే కూర్చుని తన ఆట తాను ఆడుకుంటోందా? ఈ మూడూ ఒకటి కావు. మూడున్నరేళ్ల వయసులో పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం మామూలు విషయం, దానికి అంత టెన్షన్ పడనక్కర్లేదు.

ఇప్పుడు మాట్లాడకపోవడం గురించి. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అన్నారు. అలాంటి పిల్లల్లో చాలామంది కొత్త భాష మధ్యలోకి వెళ్లగానే మొదట కొన్నాళ్లు ఇంటి భాషలోనే మాట్లాడి చూస్తారు, ఎవరికీ అర్థం కావడం లేదని తెలిశాక మాట ఆపేసి వినడం మొదలుపెడతారు. ఈ మౌనం కొందరిలో కొన్ని వారాలు, కొందరిలో కొన్ని నెలలు ఉంటుంది. బయటికి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది గానీ, లోపల వాళ్లు చెవులు రిక్కించి పోగేసుకుంటూ ఉంటారు. తర్వాత ముందుగా వచ్చేవి పాటల్లో ముక్కలు, ‘నాది’, ‘వద్దు’, ‘ఇంకా’ లాంటి ఒంటి మాటలు, అందరూ అనే అరిగిపోయిన వాక్యాలు. సొంత వాక్యాలు ఆ తర్వాతే. ఇంట్లో గమనించండి, స్నానం చేయించేటప్పుడు అక్కడి పాట ఏదైనా కూనిరాగం తీస్తోందా? బొమ్మలన్నీ వరసగా కూర్చోబెట్టి టీచర్ లాగా వేలు చూపిస్తూ ఏదో అంటోందా? అంటుంటే దాన్ని ఫోన్లో తీసి టీచర్‌కి చూపించండి. ఆ టీచర్ పది వారాలుగా వినని గొంతు అది. నేను టీచర్‌గా ఉన్నప్పుడు ఒక తల్లి అలాంటి అరనిమిషం వీడియో చూపిస్తే, మొద్దులా కూర్చుంటుందనుకున్న పిల్ల నా నడకని కూడా అనుకరిస్తోంది, నేను గొంతు పెంచే తీరుతో సహా! ఆ రోజు నుంచి ఆ పిల్లతో నేను మాట్లాడే పద్ధతే మారిపోయింది.

ఇంకో విషయం, ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. పాప ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూంకి పరుగెడుతోందా? మాట్లాడని పిల్లలు బాత్రూంకి వెళ్లాలని కూడా అడగలేరు, అలా గంటల తరబడి బిగబట్టుకొని కూర్చుంటారు, అందుకని నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రానికి చిరాకు, ఏడుపు, ఒక్కోసారి ఒంటేలుకి మంట. గేటు దగ్గర ఏడుపుకి ఇదే కారణమై ఉండొచ్చు కూడా. మీ ఇంట్లో బాత్రూంకి ఏ మాట వాడతారో ఆ మాట టీచర్‌కీ, ముఖ్యంగా ఆయాకీ చెప్పండి. దానితోపాటు చేత్తో చూపించే ఒక సైగ పెట్టుకోండి, పాపకి ఇంట్లో రెండు రోజులు ఆటలాగా నేర్పించండి. భాష రాకపోయినా సైగ వస్తుంది. పిల్లల సంగతులు టీచర్ కన్నా ఆయాకే ఎక్కువ తెలుస్తాయని చాలామంది తల్లిదండ్రులు గుర్తించరు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, ఎవరు దేనికి భయపడతారో ఆవిడే చెప్పగలదు.

మౌనం ఎప్పుడు పట్టించుకోవాలి అంటారా? సెలెక్టివ్ మ్యూటిజం అని ఒకటుంది. ఇంట్లో హాయిగా మాట్లాడే పిల్లలకి బయట కొన్నిచోట్ల భయం వల్ల గొంతు పెగలదు, మొండితనం కాదది. బడిలో చేరిన మొదటి నెలని లెక్కలోంచి తీసేసి, ఆ తర్వాత నెల పైన కొనసాగితే దాని గురించి ఆలోచిస్తారు, అయితే కొత్త భాష రాకపోవడం వల్లే మాట్లాడకపోతే దాన్ని ఇందులో కలపరు. మీ పాప విషయంలో తేడా తెలిసేది ఇక్కడే. మీ ఇంటి భాష తెలిసిన వేరేవాళ్లు, చుట్టాలో, పక్కింటివాళ్లో వచ్చినప్పుడు మాట్లాడుతోందా? అక్కడ నోటితో కాకపోయినా తలూపడం, వేలితో చూపించడం, నవ్వడం ఉన్నాయా? ఉంటే కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. అలా కాకుండా సొంత భాషవాళ్ల ముందు కూడా ముఖం బిగుసుకుపోయి, కాళ్లూ చేతులూ కదలక బొమ్మలా నిలబడిపోతుంటే మాత్రం ఆగకండి, పిల్లల డాక్టర్‌కి చూపించి, అక్కడినుంచి పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గరికో స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికో వెళ్లండి. ఏ సందర్భంలోనైనా ‘గుడ్ మార్నింగ్ చెప్పు, చెబితేనే లోపలికి’ లాంటి పంతాలు వద్దని టీచర్‌కి చెప్పండి. బలవంతం చేసినకొద్దీ గొంతు ఇంకా మూసుకుపోతుంది. పక్కన కూర్చుని, ప్రశ్నలు తగ్గించి, ‘నువ్వు ఎర్ర రంగు తీశావు, ఇప్పుడు గుండ్రంగా గీస్తున్నావు’ అని తన మానాన తను చెప్పుకుంటూ పోయే టీచర్ దగ్గర ఈ పిల్లలు తొందరగా తెరుచుకుంటారు.

‘ఇంట్లో కూడా ఇక్కడి భాషే మాట్లాడండి’ అన్న సలహా మాత్రం పాటించకండి. వాళ్లు మంచికే చెప్పారు, చాలామంది చెబుతారు, ఒకప్పుడు నేనూ చెప్పాను, కానీ అది తప్పు సలహా. ఇంటి భాష గట్టిగా ఉన్న పిల్లలకి రెండో భాష నేర్చుకోవడానికి కాలు మోపే చోటు ఉంటుంది. ఒక భాషలో ‘ముందు, తర్వాత, ఎందుకంటే’ అంటే ఏమిటో తెలిసిన పిల్లకి ఇంకో భాషలో పేర్లు మారతాయి, అంతే. పైగా మీకు అంత అలవాటు లేని భాషలో మీరు పాపతో ఏం మాట్లాడతారు? రా, కూర్చో, తిను, పడుకో, ఈ నాలుగు ముక్కలే మిగులుతాయి. కథలు పోతాయి, పోట్లాటలు పోతాయి, నానమ్మతో ముచ్చట్లు పోతాయి. బడిలో మాట లేని పిల్లకి ఇంట్లో కూడా మాట లేకుండా చేయడం ఎంత అన్యాయమో టీచర్‌కి మర్యాదగానే చెప్పొచ్చు: ‘ఇంట్లో మా భాషే మాట్లాడతాం మేడం, అక్కడ మీరు నేర్పించే పాటలు రాసిస్తే వాటి అర్థం మాత్రం మా భాషలో చెబుతాం’ అనండి. దానికి ఏ టీచరూ కాదనదు.

గేటు దగ్గర ఏడుపు సంగతికొద్దాం. చేర్చిన మొదటి రోజు ఏం జరిగిందో మీరు రాయలేదు గానీ, చాలాచోట్ల జరిగేదే అయి ఉంటుంది: పిల్లని చంకలోంచి లాక్కొని, ‘మీరు వెళ్లిపోండి, ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది’ అంటారు. జర్మనీలో దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి ఉంది, 1980లలో బెర్లిన్‌లో తయారైంది, మూడేళ్ల లోపు పిల్లల కోసం ముఖ్యంగా వాడతారు. మొదటి మూడు రోజులు అమ్మో నాన్నో పిల్లతోపాటు గంటసేపు ఆ గదిలోనే కూర్చుంటారు, ఏమీ చేయరు, ఊరికే ఉంటారంతే. పిల్లని వదిలి వెళ్లే ప్రయత్నం నాలుగో రోజు గానీ చేయరు, అదీ కొన్ని నిమిషాలే. ఏడ్చినప్పుడు టీచర్ ఊరుకోబెట్టగలిగితే మర్నాటి నుంచి సమయం పెంచుతారు, లేకపోతే మళ్లీ కొన్నాళ్లు కూర్చుంటారు. ఎన్ని రోజులు పడుతుందన్నది పిల్లని బట్టి, క్యాలెండర్‌ని బట్టి కాదు. మీ ప్రీస్కూల్ అంతా చేయకపోవచ్చు, కానీ ఒక వారం రోజులు పొద్దున పది నిమిషాలు లోపల కూర్చోనివ్వండి అని అడగొచ్చు. పది వారాలు దాటింది కదా ఇప్పుడెందుకు అనుకోకండి, మొదట్లో జరగనిది ఇప్పుడు జరగనివ్వండి.

కూర్చున్నా లేకపోయినా, పాప అటు తిరిగినప్పుడు మెల్లగా జారుకోవడం మాత్రం చేయకండి. ఆ పూటకి ఏడుపు తప్పుతుంది, కానీ అమ్మ ఎప్పుడైనా మాయమైపోవచ్చు అని పిల్లకి తెలిసిపోతుంది, ఆ తర్వాత ఇంట్లో కూడా కొంగు వదలదు. చెప్పే వెళ్లండి, రోజూ ఒకే మాట, ఒకే ముద్దు, నిమిషం దాటకుండా. ఎప్పుడొస్తారో గడియారంతో చెప్పకండి, ‘పడుకొని లేచాక బొమ్మలు సర్దుతారు చూడు, అప్పుడొస్తా’ అనండి, అప్పుడే రండి.

మీరు వెళ్లాక ఎంతసేపు ఏడుస్తోంది, ఎలా ఆగుతోంది అని అడగడం మరచిపోవద్దు. ఆడుకుంటూ మరిచిపోయి ఆగిందా, అలిసిపోయి ఆగిందా? ఈ తేడాని పట్టుకున్న మనిషి బ్రిటన్‌లో సోషల్ వర్కర్‌గా పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్. 1940ల చివర్లో లండన్ ఆసుపత్రుల్లో, తల్లిదండ్రుల్ని సరిగా రానివ్వని రోజుల్లో, చిన్నపిల్లల్ని గమనించాడు. రెండు మూడు రోజులు ఏడ్చి తర్వాత నిశ్శబ్దమైన పిల్లల్ని నర్సులు ‘సర్దుకున్నారు’ అనేవాళ్లు, ఆ పిల్లలు సర్దుకోలేదు, ఆశ వదులుకున్నారు అన్నాడాయన. ఎవరూ నమ్మకపోతే 1952లో ఒక రెండేళ్ల పాప ఆసుపత్రి రోజుల్ని కెమెరాతో తీసి చూపించాడు, పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల్ని రానిచ్చే పద్ధతి మారడానికి ఆయన పని చాలా తోడ్పడింది. మీరు కంగారు పడకండి, రోజుల తరబడి ఆసుపత్రిలో ఒంటరిగా ఉండటం వేరు, పూట పూటకి ఇంటికి వచ్చే ప్రీస్కూల్ వేరు. నేను చెప్పేదల్లా, డైరీలో ‘బాగుంది’ అన్న మాట ‘అల్లరి చేయలేదు’ అన్న అర్థంలో వచ్చిందేమో ఒకసారి కనుక్కోండి.

ఇక ప్రీస్కూల్ వాళ్లు ఏం చేయాలి అని అడిగారు. నిన్నమొన్న పుట్టిన ఫ్యాషనేం కాదిది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి పిల్లల ఇల్లు తెరిచినప్పుడే గోడ మీద అంటించిన నిబంధనల్లో, తల్లులు వారానికి కనీసం ఒకసారి వచ్చి టీచర్‌తో మాట్లాడాలి అని ఉంది. ఇటలీలోనే రెజ్జో ఎమిలియా దగ్గర ఒక పల్లెలో, 1945లో యుద్ధం ముగియగానే, వదిలేసిపోయిన ట్యాంకునీ లారీలనీ గుర్రాలనీ అమ్మి, కూలిన ఇళ్ల ఇటుకలు ఏరుకొచ్చి తల్లిదండ్రులే పిల్లల బడి కట్టుకున్నారు, అందుకే అక్కడి బడుల్లో తల్లిదండ్రులు నేటికీ అతిథులు కారు. అమెరికాలో 1965లో పేద కుటుంబాల పిల్లల కోసం మొదలైన ప్రభుత్వ పథకం హెడ్ స్టార్ట్‌లో టీచర్ ఏడాదికి కనీసం రెండుసార్లు ఇంటికి రావాలి, నిర్ణయాలు చేసే మండలిలో సగానికి పైగా పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. అమెరికాలోనే 1962 నుంచి 1967 వరకు నడిచిన పెర్రీ ప్రీస్కూల్ గురించి అందరూ చెబుతుంటారు, అక్కడ చదివిన పిల్లలు పెద్దయ్యాక ఎలా స్థిరపడ్డారో పదే పదే రాస్తారు. ఆ టీచర్లు వారం వారం ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి గంటన్నర కూర్చునేవాళ్లన్న సంగతి మాత్రం బ్రోచర్లు అచ్చేసేవాళ్లు మెల్లగా మింగేస్తారు.

ఇంటికి వెళ్లడంలోనూ తేడాలుంటాయి. ఇల్లు శుభ్రంగా ఉందా, పిల్లని సరిగ్గా పెంచుతున్నారా అని తనిఖీకి వచ్చినట్టు వస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. 1990ల మొదట్లో అమెరికాలోని టూసాన్‌లో పరిశోధకులు లూయిస్ మోల్, నోర్మా గొంజాలెజ్ వాళ్లూ టీచర్లని ఇళ్లకి పంపింది తల్లిదండ్రులకి పాఠాలు చెప్పడానికి కాదు, నేర్చుకుని రావడానికి. ఆ టీచర్లు చదువు లేనివాళ్ల ఇళ్లనుకున్నచోట పొలం పనులు, తాపీ పని, యంత్రాల రిపేర్లు, మందు మొక్కల గుణాలు, వ్యాపారం లెక్కలు, ఇన్ని తెలిసినవాళ్లని చూసి, తిరిగొచ్చి వాటినే పాఠాల్లో కలిపారు. నా మాట అడిగితే, కుటుంబాలతో కలిసి పనిచేయడం అంటే ఇదే. ఏడాదికోసారి తల్లుల చేత రంగురంగుల కాగితాలు కత్తిరింపించి ఫొటోలు తీసుకోవడం కాదు. అయినా మీ పాప టీచర్‌కి ఇరవై ఇళ్లు తిరిగే తీరిక ఎక్కడిది, జీతమూ అంతంతమాత్రమే అయి ఉంటుంది. ఆవిడ రావడం కుదరదు కాబట్టి ఇంటినే మనం ఒక కాగితం మీద పెట్టి పంపిద్దాం.

ముందు టైమ్ అడగండి. గేటు దగ్గర వద్దు, పొద్దున అసలే వద్దు. ‘పావుగంట కూర్చుని మాట్లాడాలి, ఎప్పుడు వీలవుతుంది?’ అని చీటీ పంపండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసి తీసుకెళ్లండి, ఒక పేజీ చాలు. పాపని ఇంట్లో ఏమని పిలుస్తారు. ఆకలి, దాహం, నొప్పి, బాత్రూం, అమ్మ కావాలి, వీటికి తను వాడే మాటలు, మీ భాషలో మాటని వాళ్లు చదవగలిగే లిపిలో రాసి. ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది, వీపు నిమిరితేనా, వదిలేస్తేనా, కిటికీ దగ్గరికి తీసుకెళితేనా. దేనికి జడుసుకుంటుంది. ఏ పని ఇస్తే మురిసిపోతుంది. ప్రతి ఇంట్లోనూ బయటివాళ్లకి అర్థం కాని మాటలుంటాయి కదా, దుప్పటికి ఒక పేరు, భయానికి ఒక పేరు, అవీ రాయండి. మాట్లాడని పిల్లకి ఎదుటి మనిషి నోట తన ఇంటి మాట ఒక్కటి వినబడితే ఆ ముఖం ఎలా విప్పారుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

అక్కడ కూర్చున్నాక ‘మా పాప ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. నిన్న ఎవరి పక్కన కూర్చుంది, దేంతో ఎక్కువసేపు ఆడింది, ఏ సమయంలో మరీ ముడుచుకుపోతుంది అని అడగండి. మీరు చూసినవి రెండు మూడు చెప్పండి. ఆ పాట వీడియో చూపించండి. గారాబం అన్న మాట మళ్లీ వస్తే వాదించకండి, ‘కావచ్చు మేడం, ఏం చూస్తే మీకలా అనిపించింది?’ అని అడిగి ఊరుకోండి. ఆవిడ చెప్పే జవాబులో మీకు పనికొచ్చేది ఉండొచ్చు. ఉదాహరణకి, బూట్లు ఎవరైనా తొడగాలని కాళ్లు చాపి కూర్చుంటుందని చెప్పొచ్చు, అది నిజమే అయితే ఒప్పుకోండి, అందులో మీ పరువేం పోదు, రేపటి నుంచి ఇంట్లో కూడా తననే తొడుక్కోనివ్వండి. చివర్లో ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటే ఒక్కటి అనుకోండి, పది కాదు. బాత్రూం సైగ కావచ్చు, నెమ్మదైన ఒక పిల్లని జతచేసి కూర్చోబెట్టడం కావచ్చు. రెండు వారాల తర్వాత ఫలానా రోజు మళ్లీ కలుద్దాం అని అప్పుడే తేదీ రాయించుకోండి, లేకపోతే ఇదీ తూతూమంత్రం అయిపోతుంది. ఈలోగా డైరీలో ‘బాగుంది’కి బదులు పాప చేసిన ఒక్క పని రాయమనండి, ఒక్క వాక్యం. మీరూ రోజూ అలాగే ఒక వాక్యం రాసి పంపండి, అప్పుడు వాళ్లకీ రాయాలనిపిస్తుంది.

మీవారిని కూడా ఆ పావుగంటకి తీసుకెళ్లండి. స్కూల్ మార్చేద్దాం అనేవాళ్లు ముందు ఆ స్కూల్ లోపలికి ఒకసారి అడుగుపెట్టాలి కదా. ఇప్పుడు మారిస్తే పాప మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, కొత్త ముఖాలు, కొత్త గది, అదే తెలియని భాష. మారిస్తే బాగుపడేది మీ ఇద్దరి మనసు, పాప మౌనం కాదు. అయితే కొన్ని చూస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి: పిల్లల్ని కొట్టడం, చీకటి గదిలో వేస్తామని బెదిరించడం, నలుగురి ముందు నవ్వులపాలు చేయడం, దెబ్బ తగిలితే దాచిపెట్టడం, తల్లిదండ్రుల్ని ఎప్పుడూ ఏ కారణానికీ లోపలికి రానివ్వకపోవడం. అక్కడ మాటలతో పని లేదు. ఇవేవీ లేకపోతే ఇంకో రెండు మూడు నెలలు చూడండి. అత్తయ్యగారి మాట కూడా కొట్టిపారేయకండి, ఏడాది ఆగితే ప్రపంచం మునిగిపోదు, కానీ పాపకి బడి అంటే బెంగ అన్న గుర్తుతోనే మానేస్తే వచ్చే ఏడాది ఆ బెంగతోనే మొదలవుతుంది. దానికన్నా ఆవిడనే వారానికి ఒకరోజు పాపని తీసుకురావడానికి పంపండి, కుదిరితే లోపల కూర్చుని మీ భాషలో ఒక కథ ఆవిడని చెప్పనివ్వమని టీచర్‌ని అడగండి. పిల్లలకి మాట అర్థం కాకపోయినా చేతులూ కళ్లూ తిప్పుతూ చెప్పే కథ బాగానే అర్థమవుతుంది, పైగా ఆ రోజు ఆ క్లాసులో అన్నీ తెలిసిన పిల్ల మీ పాపే అవుతుంది.

ఆ కాగితం రాసేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏమేం రాస్తున్నారో చదివి వినిపించండి, ‘ఇది నిజమేనా?’ అని అడగండి, కాదంటే కొట్టేయండి. కింద కాస్త ఖాళీ వదిలి తనకి ఇష్టమైన బొమ్మ గీయమనండి. మీటింగ్ రోజున దాన్ని మీరివ్వొద్దు, పాప చేత ఇప్పించండి. అప్పుడు తను ఏమీ మాట్లాడక్కర్లేదు, టీచర్ చేతిలో పెడితే చాలు.